గరిటె పట్టుకున్నవాళ్ళదే మాట

"వంటమనిషి గడి ఖాళీగా ఉంది మేడమ్," అన్నాడు ఆఫీసరు, పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని.

పోర్ట్ బ్లెయిర్ హార్బరుకి ఎదురొడ్డున హోప్ టౌన్‌లో ఉన్న మా ఆడపిల్లల ఇంటికి నేను ఇన్‌ఛార్జిని. అమ్మానాన్నల దగ్గర లేని పిల్లల్ని ఉంచుకునే ఇల్లు ఏదైనా సర్కారు దగ్గర రిజిస్టరై ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి మళ్ళీ చేయించుకోవాలి. మాకు ఆ గడువు దగ్గర పడింది. ఇల్లు చూసి వెళ్ళడానికి వచ్చిన కుర్రాడతను. మంచాలు చూశాడు, నీళ్ళ ట్యాంకు మూత ఎత్తి చూశాడు, మంటలార్పే ఎర్ర సిలిండరు మీద తేదీ చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. వంటమనిషి దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"చనిపోయింది. కిందటి వానల్లో," అన్నాను.

"అయితే కొత్తావిణ్ణి పెట్టుకోండి. పిల్లలుండే ఇంట్లో వంటమనిషి లేకుండా నేను ఫైలు పైకి పంపలేను. నెలాఖరులోగా పేరు రాసి పంపించండి, లేకపోతే రిన్యూవల్ ఆగిపోతుంది." జెట్టీ వైపు మెట్లు దిగుతూ మళ్ళీ అన్నాడు, "దానికేముంది, వంటమనిషే కదా."

నాకు ముక్కు మీదే కోపం. ముప్పై ఏళ్ళు తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పినా తగ్గలేదు. ఆ మాట విన్నాక ఒళ్ళు మండిపోయి, అతని వెనకే రెండు మెట్లు దిగాను కూడా. దిగి, ఆగిపోయాను. అతని తప్పేముంది? కాగితాల ప్రకారం ఆవిడ మా వంటమనిషే. ఆ ఇల్లు ఆవిడదని, ఆ పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకున్నది ఆవిడేనని, నేను అక్కడ ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చోవడం కూడా ఆవిడ చలవేనని ఏ కాగితంలోనూ లేదు.

పేరు మాత్రం రాయను. ఒకసారి పేపరాయన ఒకడు ఆవిడ మీద రాస్తానని కెమెరాతో వచ్చాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "బాబూ, నా పేరు రాస్తే ఈ పిల్లలు ఏ ఇంటి పిల్లలో ఊరంతటికీ తెలిసిపోద్ది. రేపు పెళ్ళిళ్ళప్పుడు ఎవులో ఒకులు ఎత్తిపొడుస్తారు. కాఫీ తాగీసి ఎల్లు," అంది. అతను వెళ్ళాడు. ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి నేను రాసెయ్యొచ్చు. కానీ పిల్లలున్నారు కదా. అందరూ ఆవిణ్ణి దీదీ అనేవాళ్ళు, తెలుగువాళ్ళూ రాంచీవాళ్ళూ బెంగాలీలూ, ఆఖరికి చర్చిలో ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా. నేనొక్కదాన్నే అక్కా అనేదాన్ని.

చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆవిడ హార్బరుకి ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే అవతల ఒడ్డు మీద ఫెర్రీ ఎక్కేవాళ్ళు తిరిగి చూస్తారని మేం ఏడిపించేవాళ్ళం. తిట్టడం తెలుగులో తిట్టేది, ముద్దు చెయ్యడం హిందీలో చేసేది, ప్రార్థన మళ్ళీ తెలుగులోనే. అందుకని ఆ ఇంటి పిల్లలకి ఏ జాతి పిల్లలైనా సరే ముందుగా వచ్చే తెలుగు, తిట్లు. ఒక బెంగాలీ పిల్ల మా బడికొచ్చి మొదటి రోజునే హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఒరే సన్నాసెదవా, అన్నం తిన్నావా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. దానికి తెలిసినంతలో అది పలకరింపు. ఆ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో విచారించడానికి హోప్ టౌన్ వెళ్ళడమే ఆ ఇంట్లో నేను మొదటిసారి అడుగుపెట్టడం.

చెక్క గోడల ఇల్లు, రేకుల కప్పు. వాన పడితే లోపల గొంతు పెంచి మాట్లాడాలి. తలుపుకి గడియ చాలా కిందుగా ఉండేది, నా మోకాలికి కాస్త పైగా. ఎందుకలా పెట్టావని అడిగితే, "మరి సిన్నదానికి అందొద్దా?" అంది. పిల్లలు బయటికి పోకుండా గడియ పైన పెట్టుకునే ఇళ్ళు చూశాను గాని, పోవాలనుకుంటే పోగలిగేలా పెట్టిన ఇల్లు అదొక్కటే చూశాను. ఒక్కరూ పారిపోలేదు మరి.

ఆ సాయంత్రమే వాళ్ళు షికాయత్ అనే ఫిర్యాదుల వేళ కూడా చూశాను. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే జరిగింది.

ప్రార్థన అయ్యాక, అన్నం పెట్టే ముందు, పిల్లలందరూ కంచాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి చేతిలోని గరిటె మొదటి పిల్లకిచ్చేది. గరిటె చేతిలో ఉన్నవాళ్ళు ఆ రోజు ఎవరి మీద ఏ ఫిర్యాదు ఉన్నా చెప్పొచ్చు. ఏమీ లేకపోతే పక్కదానికి ఇచ్చెయ్యొచ్చు. గరిటె చేతిలో లేనివాళ్ళు నోరెత్తకూడదు. ఆ నియమం ఆవిడకీ వర్తించేది. పైగా ఫిర్యాదుల్లో సగం ఆవిడ మీదే. నిన్నటి చారు నీళ్ళలా ఉంది. దీదీ గురక పెడుతుంది. దీదీ నాకు రెండు జడలేసి దానికి నాలుగు వేసింది. ఆవిడ చేతులు కట్టుకుని అంతా వినేది. గరిటె తిరిగి తన చేతికొచ్చాక న్యాయం చెప్పేది. తప్పు తనదైతే "తప్పు నాదే" అని, ఆ పిల్లకి ముందు వడ్డించేది.

నాకు భలే నవ్వొచ్చింది ఆ రోజు. బడిలో నేను ఇలా గరిటె తిప్పితే మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఊడుతుంది అన్నాను. "నీకేం టీచరమ్మా, నీ సేతిలో బెత్తం ఉంది," అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకిప్పటికీ తెలీదు.

ఇక ఆ రిజిస్ట్రేషన్ సంగతి. ఐదేళ్ళ కిందట, నేను రిటైరయ్యాక, ఊళ్ళో ఇలాంటి ఇళ్ళన్నిటికీ నోటీసులొచ్చాయి. రిజిస్టరు చేయించుకోని ఇల్లు నడపకూడదు, చేయించుకోకపోతే పిల్లల్ని రిజిస్టరైన వేరే ఇళ్ళకి పంపించేస్తారు. వేరే ఇళ్ళు అంటే తలా ఒక దిక్కు. ఎవరెక్కడికి వెళ్తారో తెలియదు. కాగితం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఆవిడకి చదవడం వచ్చింది తెలుగు బైబిలు వరకే. చర్చి అయ్యాక బయట నిలబడి నేనే చదివి చెప్పాను.

"పిల్లలకి రిజిస్ట్రేషనేటి టీచరమ్మా? డోంగీకైతే ఉంటాది," అంది. డోంగీ అంటే మా చేపలవాళ్ళ పడవ. దాని పక్క చెక్క మీద నెంబరు రాసి ఉంటుంది.

"డోంగీకి ఎందుకుంటుందక్కా?"

"మునిగిపోతే ఎవులిదో తెలాలి గదా."

"పిల్లలకీ అందుకే."

ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచింది. నేను ఆ మాట ఎంత కఠినంగా అన్నానో ఇంటికెళ్ళాక గాని తట్టలేదు. మర్నాడు పొద్దున్నే మొదటి ఫెర్రీకి పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి మా గుమ్మంలో నిలబడింది. ఊరి పేరు ఇప్పుడు మార్చారు గాని మా నోళ్ళు ఇంకా మారలేదు. తల తడిగా ఉంది, చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. "పద, ఆపీసెక్కడో సూపించు," అంది.

కొట్లాటకా అని అడిగాను. నేనైతే కొట్లాటకే సిద్ధంగా ఉన్నాను, చెప్పాను కదా నా కోపం సంగతి. ఎవరో కుర్చీలో కూర్చున్నవాడు ఈవిడకి సర్టిఫికెట్ ఇవ్వడమేమిటని నా బాధ.

"కొట్లాటేటి? నాను మంచిదాన్నని నువ్వంటావు. చర్చిలో అందరూ అంటారు. కాకపోతే? అప్పుడు పిల్లలేటైపోతారు? ఎవులో ఒకులు ఒచ్చి సూడాలి గదా."

ఆ తర్వాత ఇలాంటి ఇళ్ళు నడిపే వాళ్ళని చాలామందిని కలిశాను. అందరికీ పిల్లలంటే ప్రేమే, అందరికీ ఇన్‌స్పెక్షన్ అంటే చిరాకే. నన్ను చూడండి, నా ఇల్లు చూడండి, నేను మంచిదాన్నో కాదో మీరే తేల్చండి అన్న మనిషిని ఆవిణ్ణొక్కదాన్నే చూశాను. ఆ రోజు నుంచి నాకు ఆవిడంటే గౌరవం. అంతకు ముందు ఉన్నది ఇష్టం మాత్రమే.

తిరిగాం, తల ప్రాణం తోకకొచ్చేదాకా తిరిగాం. సొసైటీ పెట్టాలన్నారు, పెట్టాం. నీళ్ళు పరీక్ష చేయించమన్నారు, సీసాలో పట్టుకెళ్ళాం. పోలీసు స్టేషన్లో ఆవిడ మీద కేసులేవీ లేవని కాగితం ఇస్తే, దాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని, తిరుగు ఫెర్రీలో కనపడ్డ ప్రతివాడికీ చూపించింది. "భయ్యా, నా మీద కేసుల్లేవంట, సూడు." ఒక్కో పిల్లకి ఒక్కో మంచం ఉండాలన్నారు. వండూర్‌లో బీచి దగ్గర మూతపడ్డ లాడ్జి మంచాలు ఇస్తారని తెలిసి, లారీ మాట్లాడి, దాన్ని ఫెర్రీ ఎక్కించి తెచ్చింది. ఆ మంచాల తలవైపు చెక్క మీద చేప బొమ్మలుండేవి. ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు కొన్నాళ్ళు మంచాల కింద పడుకున్నారు, అలవాటు లేక.

ఇక ఇల్లు చూడడానికి కమిటీ వచ్చే రోజు. ఒక మేడమ్, ఆవిడతో ఇద్దరు. మేడమ్ ఉత్తరాది మనిషి. మెత్తగా మాట్లాడుతుంది, అన్నీ రాసుకుంటుంది. అలాంటివాళ్ళంటేనే నాకు భయం. పొద్దున వచ్చారు. నాలుగింటి ఫెర్రీకి వెళ్ళిపోవాలి. అంతా సవ్యంగానే నడిచింది. ఫెర్రీ వేళకి గాలీ వానా పట్టుకుని ఫెర్రీలు ఆపేశారు. వాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. ప్రార్థన వేళయింది.

నేను వంటగదిలోకి వెళ్ళి ఆవిడ కొంగు పట్టుకున్నాను. "అక్కా, ఇవాళ షికాయత్ వద్దు. ఒక్క రోజు. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకొద్దు?"

"ఎందుకేమిటి, పిల్లలు ఏం మాట్లాడతారో ఏమో."

"అదే గదా షికాయత్ అంటే," అంది. ఆవిడ మొహంలో నామీద జాలి కనపడింది. "రోజూ అన్నం పెడతాను. ఇవాళ ఆపీసరమ్మ ఒచ్చిందని మానీమంటావా?"

వాళ్ళకీ పిల్లల వరసలోనే కంచాలు వేసింది. గరిటె మొదలైంది. పిల్లలకి కొత్తవాళ్ళున్నారన్న బెరుకు ముందు కాస్త ఉంది గాని, మధ్యాహ్నం తిన్న కవ్వళ్ళ చేపల పులుసులో కారం ఎక్కువైందని ఒకతె అనేసరికి అది పోయింది. మేడమ్ నవ్వింది కూడా. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు గరిటె మాయాబందర్ నుంచి వచ్చిన పిల్ల చేతికొచ్చింది. ఆ పిల్లకి అప్పటికి పదకొండేళ్ళుంటాయి. నాన్న సముద్రం మీదకెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ ఓడలో ఆస్పత్రికొచ్చి, వారంలో వస్తానని పిల్లని దీదీ దగ్గర పెట్టి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నల్లగా, సన్నగా ఉండేది. ఎవరికీ భయపడేది కాదు. గరిటె నిలువుగా పట్టుకుని లేచి నిలబడి, హిందీలో స్పష్టంగా చెప్పింది.

"దీదీ మీద షికాయత్. నిన్న నన్ను కొట్టింది. వీపు మీద రెండు దెబ్బలు. నేను నాలాలో ఈతకెళ్ళానని."

ఇంటి వెనక నాలా ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అందులోకి మొసలి వస్తుంది. ఒడ్డున బోర్డు పెట్టారు, పిల్లలందరికీ తెలుసు. కానీ ఆ పిల్ల అదేమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా ఆమెకి లేదు. పిల్లల ఇంట్లో పిల్ల మీద చెయ్యి చేసుకోవడం నేరం. పొద్దుట మేడమ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పిన మొదటి మాట అదే. అయిపోయింది, రేపటినుంచి పిల్లలు తలా ఒక దిక్కు అనుకున్నాను.

మేడమ్ దీదీ వైపు చూసింది. ఆవిడ మాట్లాడలేదు. మేడమ్ "నిజమేనా?" అని అడిగింది. అయినా మాట్లాడలేదు, చేత్తో గరిటె వైపు చూపించింది. గరిటె మిగతా పిల్లలందరి చేతుల్లోంచీ తిరిగి ఆవిడ దగ్గరికి రావడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. మిగతావాళ్ళు ఏం చెప్పారో నేను వినలేదు. రేకుల మీద వాన మాత్రం వినపడుతోంది.

గరిటె చేతికొచ్చాక ఆవిడ ఆ పిల్ల ముందుకెళ్ళి నిలబడింది. "తప్పు నాదే. మొసలని బయమేసీసింది. బయమేస్తే కొట్టకూడదు, పట్టుకోవాల. తప్పు నాదే." అది తెలుగులో. తర్వాత మేడమ్ వైపు తిరిగి హిందీలో చెప్పింది, అవును కొట్టాను అని. ఆ పిల్ల కంచంలో ముందు వడ్డించింది. ఆ పిల్ల కూర్చుని, పులుసు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ముల్లు తీసి పక్కన పెట్టమని దీదీ సైగ చేస్తే పెట్టింది.

"పొద్దుట అడిగినప్పుడు ఈ సంగతి చెప్పలేదేం?" అంది మేడమ్.

"మీరు దెబ్బల సంగతి చెప్పారు గాని నువ్వు కొట్టావా అని నన్నడగలేదు మేడమ్. అడిగితే సెప్పీదాన్ని. అయినా దాని షికాయత్ దాని నోటే రావాల."

వాన వెలిసి ఫెర్రీ మొదలయ్యాక వాళ్ళు వెళ్ళిపోయారు. తమ కంచాలు తామే కడిగి వెళ్ళారు, ఆ ఇంట్లో అది కూడా నియమమే. వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల మీద కూడా కోపమే నాకు, మేడమ్ మీద కూడా. అన్నీ కలిపి ఆవిడకి అప్పగించాను. ఇంతమంది పిల్లల బతుకు ఒక గరిటె మీద పెట్టావన్నాను. ఆవిడ గిన్నె తోముతూ విని, గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"మా అమ్మ గరిటెతోనే కొట్టీది టీచరమ్మా. కూర వేడిగా ఉన్న గరిటె. సూడు," అని మోచేతి పైన మచ్చ చూపించింది. "నాను ఎవులికీ సెప్పుకోలేదు. సెప్పడానికి ఎవులున్నారు? అందుకే గరిటె పిల్లల సేతికిచ్చీసాను. ఇవాళ ఆపీసరమ్మ ముందు లాగీసుకుంటే, ఇన్నాళ్ళూ ఇచ్చిందంతా ఆటే అనుకోదా అది?"

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆవిడ ముందే.

కొన్నాళ్ళకి మేడమ్ మమ్మల్నిద్దరినీ ఆఫీసుకి పిలిచింది. రిజిస్ట్రేషన్ ఇస్తున్నాం అంది. పిల్లలెవరినీ కదిలించడం లేదు అంది. "ఆ అమ్మాయి ఫిర్యాదు చెప్పాక ఈవిడ వైపు భయంగా చూస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. చూడలేదు. అన్నం తింది. అది రాసుకున్నాను," అంది. తర్వాత కాస్త ఆగి మిగతాది చెప్పింది. దీదీ ఇన్‌ఛార్జిగా ఉండడానికి వీల్లేదు. ఇన్‌ఛార్జికి చదువుండాలి, ఆవిడకి లేదు. పైగా పిల్లని కొట్టానని ఆవిడే ఒప్పుకుంది, అది ఫైల్లో ఉంటుంది. చదువున్న మనిషి ఒకరు ఆ కుర్చీలో ఉండాలి. ఈవిడ ఇంట్లో ఉండాలంటే వేరే పోస్టు ఏదైనా చూసుకోవాలి.

ఏ పోస్టులు ఖాళీగా ఉన్నాయని ఆవిడే అడిగింది. వంటమనిషి అన్నారు. "ఠీక్ హై," అంది, అక్కడికక్కడే. నావైపు తిరిగి, "నువ్వు ఏదో పెద్ద చదువు చదివావు గదా, రిటైరయ్యి ఊరికే కూకున్నావు గదా," అంది. ప్రమోషన్ కోసం దూరవిద్యలో చేసి, ఎందుకూ వాడుకోని సోషల్ వర్క్ పీజీ నాది. అలా నేను ఇన్‌ఛార్జినయ్యాను. ఫెర్రీలో వస్తుంటే నాకు అదే ఆలోచన. ఆవిడ ఇల్లు, ఆవిడ పిల్లలు, నా పేరు. ఆవిడ మాత్రం రెయిలింగు పట్టుకుని హాయిగా గాలి పీలుస్తోంది. "నా పేరు పోతే పోనీ టీచరమ్మా. పిల్లలు పోలేదు గదా."

ఆ తర్వాత నన్ను ఏడిపించడం ఆవిడకి ఒక వినోదమైంది. రోజూ పొద్దున్నే రిజిస్టర్లో వంటమనిషి గడిలో సంతకం పెట్టి, కొంగు భుజం మీద కప్పుకుని నా బల్ల ముందు నిలబడేది. "ఇన్‌ఛార్జి మేడమ్, ఇవాళ కూరేటి వండమంటారు?" వంకాయ అంటే బెండకాయ వండేది. ఆఫీసు నుంచి ఎవరొచ్చినా నాకు కుర్చీ వేసి తను గుమ్మం పక్కన నిలబడేది, అడిగితేనే మాట్లాడేది. ఆ నటనలో ఆవిడకి ఎక్కడా బాధ ఉన్నట్టు నాకు కనపడలేదు. ఉందేమోనని చాలా వెతికాను.

ఇన్‌ఛార్జినయ్యాక మొదటి షికాయత్ నా మీదే. చెప్పింది మళ్ళీ ఆ మాయాబందర్ పిల్లే. టీచరమ్మ మా మాట పూర్తిగా వినకముందే అరుస్తుంది అంది. నేను వెంటనే, ఎప్పుడరిచాను, అని అరిచాను. పిల్లలందరూ నా వైపు చూశారు. దీదీ నా మోచేయి మీద పొడిచి మెల్లగా అంది, "మాటాడకూడదు. గరిటె నీ సేతిలో లేదు గదా."

నోరు మూసుకుని వినడం నేను నేర్చుకున్నది అక్కడే, అరవై దాటాక. నా బడిలో నేను ఎంతమందికి చెప్పానో ఆ మాట. ఎవరూ నాకు చెప్పలేదు.

కిందటి వానల్లో ఆవిడకి జ్వరం పట్టుకుంది. రెండు రోజులు వంటగదిలోనే తిరిగింది, ఎవరు చెప్పినా వినలేదు. అవతల ఒడ్డున ఆస్పత్రిలో చేర్చాక ఎక్కువ రోజులు లేదు. ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు అడిగింది వంట ఎవరు చేస్తున్నారనే. నేనే అన్నాను. కళ్ళు మూసుకునే నవ్వింది. "పాపం పిల్లలు," అంది.

అప్పటినుంచీ నేనే వండుతున్నాను. కొత్తవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు, తర్వాత చూద్దాం అన్నాను. ఆ గడిలో ఆవిడ సంతకం ఉన్న పేజీల తర్వాత ఇంకొకరి సంతకం చూడాలంటే నాకు మనసొప్పలేదు. ఆవిడకి ఆ ఇంట్లో దక్కిన చోటు అదొక్కటే, దాన్నీ తీసేసుకోవడమా అనిపించేది. ఆఫీసరు వచ్చి వెళ్ళాక కూడా రోజులు గడుస్తున్నాయి. నెలాఖరు దగ్గరికొస్తోంది. పేరు పంపకపోతే రిన్యూవల్ ఆగుతుందని, ఆగితే మళ్ళీ పిల్లలు తలా ఒక దిక్కని నాకు తెలుసు. తెలిసీ రేపు, రేపు అంటున్నాను.

మొన్న సాయంత్రం గరిటె మాయాబందర్ పిల్ల చేతికొచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకి పదహారేళ్ళు. నాకంటే పొడుగు. గరిటె అలాగే నిలువుగా పట్టుకుని లేచింది. ఈసారి తెలుగులో మాట్లాడింది. ఆవిడ తిట్లలోంచి నేర్చుకున్న తెలుగు.

"టీచరమ్మ మీద షికాయత్. అన్నం ముద్దవుతోంది. చారు బాగోదు. సిన్నపిల్లలు సగం కంచంలో ఒదిలేస్తున్నారు. టీచరమ్మకి వంట రాదు. దీదీ పోయిందని కిచెన్‌లోకి ఎవర్నీ రానివ్వడం లేదు." గరిటె కాస్త వాలింది. మళ్ళీ నిలబెట్టుకుంది. "దీదీ ఉంటే పిల్లల్ని ఆకలితో ఉంచేది కాదు. కొత్తావిణ్ణి పెట్టండి. బస్, అంతే."

నేను నోరెత్తలేదు. గరిటె తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. అది ఆవిడదే, పిడి దగ్గర కాస్త వంకర. తప్పు నాదే అన్నాను. ఆ పిల్లకి ముందు వడ్డించాను. అన్నం నిజంగానే ముద్దయింది. ఆ పిల్ల తలొంచుకుని అంతా తినేసింది, ఒక్క మెతుకు వదలకుండా, ఏడుస్తూనే.

మర్నాడు వంటమనిషి గడిలో పేరు రాసి ఆఫీసుకి పంపించాను. జెట్టీ దారిలో ఉండే ఆవిడ, చేతివంట బాగుంటుందని పేరు. వచ్చిన మొదటి సాయంత్రం ప్రార్థన అయ్యాక నేను గరిటె తీసి పిల్లలకిస్తుంటే కొత్తావిడ తెల్లబోయి చూసింది. మొదటి పిల్లే, పొద్దుటి కూరలో ఉప్పెక్కువైంది అంది. కొత్తావిడ గబుక్కున, "ఉప్పేం ఎక్కువ కాలేదమ్మా, నేను చూసే..." అంటూ మొదలుపెట్టింది.

నేను ఆవిడ మోచేయి మీద పొడిచాను. "మాటాడకూడదు. గరిటె నీ సేతిలో లేదు గదా."

పిల్లలందరూ ఒక్కసారి తలెత్తి నావైపు చూశారు. నా నోట్లోంచి వచ్చింది ఎవరి మాటో అప్పుడు తెలిసింది నాకు.